రాతిబల్లలో కన్నం

జల్లెడ రేకును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది చిట్టి. సన్నటి రంధ్రాల్లో ఒకటి రెండు చోట్ల కాఫీ పొడి ఇంకా ఇరుక్కునే ఉంది. పాత పళ్ళ బ్రష్షును వేణ్ణీళ్ళలో ముంచి మళ్ళీ గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టింది.

"అట్లా తోమితే రేపటికి అది రేకుగా ఉండదు, గుడ్డపీలిక అవుతుంది. ఇటివ్వు," అంటూ వదిన చెయ్యి చాపి లాక్కుంది. "రోజూ పొద్దున్నే దీంతో కాపురం చేసేది నేను. దీని సంగతి నాకు తెలుసు."

ఆ రేకు పొయ్యి పక్కన గట్టు మీద బోల్టులతో బిగించి ఉన్న కాఫీ మిషన్‌ది. అన్నయ్య చేసిన మొట్టమొదటిది. అరచేతి వెడల్పున్న ఉక్కు గొట్టం, పక్కన ఒక చేతిపిడి, అంతే. మోటారు లేదు, మీటలు లేవు. గొట్టం నోట్లో ఒక్క కప్పుకు సరిపడా పొడి వేసి, వేణ్ణీళ్ళు పోసి, కలిపి, కాసేపు ఆగి పిడి కిందికి నొక్కితే లోపలి పిస్టన్ దిగి కాఫీని జల్లెడ గుండా లాగి కప్పులోకి వదులుతుంది. పిడి పైకెత్తితే పిప్పి అంతా బిళ్ళలా గట్టిపడి గొట్టం అంచు దాకా లేచి వస్తుంది. దాన్ని రబ్బరు పలకతో ఒక్క గీకుడు గీకితే పని అయిపోయినట్టే. కింద వర్క్‌షాపులో ఇప్పుడు తయారయ్యే వాటికి మోటార్లున్నాయి, వేడిని చూసుకునే బోర్డులున్నాయి. వదినకు మాత్రం ఇదే కావాలి. గీకేటప్పుడు ఆమె మణికట్టు ఒక్కసారే తిరుగుతుంది, రెండోసారి తిరగదు.

"ఇవాళ పిన్ని మిషన్ తీసుకెళ్ళి ఆవిడ కొట్లో బిగించి వస్తాను వదినా," అంది చిట్టి చేతులు తుడుచుకుంటూ. "రెండు రోజులని చెప్పి తెచ్చాను. వారం అవుతోంది."

"మీ అన్నయ్యని అడిగావా?"

"అడిగేదేముంది. ఆవిడ మిషన్ ఆవిడకి ఇవ్వడానికి."

వదిన రేకును గొట్టంలో కూర్చోబెట్టి బొటనవేలితో అంచంతా నొక్కింది. "పిన్ని, పిన్ని అని నువ్వు చచ్చిపోతావు. ఆవిడేమో మనం కనిపిస్తే చాలు ఈ వాషరు మార్చు, ఆ గొట్టం చూడు అని పనులు చెప్తుంది. సొంత పిన్ని కూడా అంత చనువు తీసుకోదు."

"ఆవిడ పనులు చెప్పబట్టే కదా మిషన్ మిషన్‌లా అయింది."

"అబ్బో. మరయితే కంపెనీ వాళ్ళు తీసే ఫొటోలో ఆవిణ్ణే నిలబెట్టమను మీ అన్నయ్య పక్కన."

వదినతో మాట పెంచితే పొద్దుటి పని సాయంత్రమైనా తెమలదు. చిట్టి మెట్లు దిగి వర్క్‌షాపులోకి వెళ్ళింది.

లేతు మిషన్ పక్కన తయారైన మిషన్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో గుడ్డ. పిన్ని మిషన్ చివరన ఉంది. దాన్ని చూడగానే గుర్తుపట్టవచ్చు. పైఅంచు నల్లబడి నునుపెక్కింది, ఒక పక్క చిన్న సొట్ట. చిట్టి తోపుడుబండిని దాని దగ్గరకు లాక్కుని గుడ్డ తీసింది. గొట్టం చుట్టూ నీలంరంగు టేపు వేసి ఉంది. టేపు పొడుగునా మిషన్లను కొంటున్న కాఫీ కంపెనీ గుర్తు, వెంట వెంటనే అచ్చువేసి ఉంది.

"అది ముట్టుకోకు," అన్నాడు అన్నయ్య. అతను మూలన బల్ల దగ్గర ఫోను చెవికి పెట్టుకుని ఉన్నాడు. ఫోను దించి మళ్ళీ అన్నాడు. "వాళ్ళు సీలు వేసుకుని వెళ్ళారు. నిన్న నువ్వు లేనప్పుడు."

"ఇది మనది కాదన్నయ్యా."

"కొనేది వాళ్ళు. వాళ్ళకి ఇదే కావాలట."

చిట్టి తోపుడుబండి పిడిని వదల్లేదు.

కొత్త మిషన్లో కాఫీ మొదట్లో కాస్త గరుకుగా వస్తుంది. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు, కాఫీ నూనె పట్టి గొట్టానికి అలవాటు పడేదాకా అంతే. కంపెనీ పెద్దలు రుచి చూడటానికి వస్తారన్న రోజున వర్క్‌షాపులో ఉన్నవన్నీ కొత్తవే. అన్నయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు చిట్టే అంది, పిన్ని మిషన్ తెస్తే సరిపోతుంది కదా అని. తనే వెళ్ళి అడిగింది. రెండు రోజుల్లో మళ్ళీ నేనే తెచ్చి బిగిస్తాను పిన్నీ అని చెప్పింది. పిన్ని, తీసుకెళ్ళవే, మీ అన్నయ్య బాగుపడితే నాకూ సంతోషమే అంది. ఊడదీస్తున్నంతసేపూ లైటు పట్టుకుని పక్కనే నిలబడింది. కంపెనీ వాళ్ళు తాగారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ కప్పు ఏ మిషన్లోదని అడిగారు.

"పోనీ పిన్నికి కొత్తది ఇద్దాం," అంది చిట్టి. "ఇందులో ఏదో ఒకటి."

"ఇంక ఒక్క మిషన్ కూడా బయటివాళ్ళకి ఇవ్వకూడదు. ఉన్నవీ చెయ్యబోయేవీ అన్నీ వాళ్ళవే. అదే కదా కొనడమంటే." అన్నయ్య ఫోను మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు. "నేను తర్వాత వెళ్ళి ఆవిడతో మాట్లాడతాలే. నువ్వు కెలక్కు."

*

పిన్ని కొట్టు మార్కెట్ వీధి మలుపులో ఉంది. పొడుగ్గా, ఇరుగ్గా ఉన్న గది. గోడ వారన ఎత్తు స్టూళ్ళు, ఎదురుగా నల్లరాతి బల్ల. ఆ బల్లలో, పిన్ని నిలబడే చోట, ఒక గుండ్రటి కన్నం. మిషన్ ఒళ్ళంతా బల్ల కిందికి దిగి, నోరు ఒక్కటే రాతికి సమంగా ఉండేది. పిప్పి బిళ్ళ లేచి వస్తే పిన్ని రాతి మీదుగానే పలకతో తోసి డబ్బాలో పడేసేది. ఇప్పుడా కన్నం మీద ఒక స్టీలు పళ్ళెం బోర్లించి ఉంది.

పిన్ని పొయ్యి మీద పెద్ద గిన్నెతో కాఫీ కాస్తోంది. కాచి, వడకట్టి, కెటిల్లో పోసి పెడుతోంది.

"రావే చిట్టీ. మిషన్ బయట బండిలో ఉందా? ఉండు, గిన్నె దించి వస్తాను."

"తేలేదు పిన్నీ."

"ఏం, ఇంకా పరీక్షలవుతున్నాయా? ఎన్ని క్లాసులు పాసవ్వాలేంటి దానికి?" నవ్వింది పిన్ని. స్టూలు మీద కూర్చున్న బస్సు డ్రైవరూ నవ్వాడు. అతను తన కప్పులోకి చూసుకుని పక్కకు పెట్టాడు. సగం పైగా మిగిలే ఉంది.

"ఏం నాయనా, వదిలేశావు?"

"పొద్దుట్నించీ కెటిల్లో ఉన్నట్టుంది పిన్నీ."

"పొద్దుట్నించే ఉంది. అబద్ధం చెప్పను."

"మిషన్ వచ్చాక వస్తాలే," అని డ్రైవరు లేచి వెళ్ళిపోయాడు. అందులో కోపం లేదు. కోపం లేకపోవడమే చిట్టికి భరించలేనట్టుగా అనిపించింది. మంచి కాఫీ దొరికే చోటు ఇంకొకటి వెతుక్కుంటాడు. దొరికితే మళ్ళీ ఈ మలుపు తిరగడు.

తిరగని వాళ్ళు ఇప్పటికే ఉన్నారని ఖాళీ స్టూళ్ళు చెప్తూనే ఉన్నాయి. ఎవరికి వాళ్ళకి గింజలు తూచి, ఒకరికి ముతగ్గా ఒకరికి మెత్తగా మర పట్టి, ఎదురుగా ఒక్కో కప్పే తీసి ఇచ్చేది పిన్ని. ఆ పని కోసమే మలుపు తిరిగి వచ్చేవాళ్ళు. కెటిల్ కాఫీ వీధి పొడుగునా దొరుకుతుంది.

చిట్టి పళ్ళెం ఎత్తింది. కన్నం అంచు నున్నగా ఉంది. ఈ రాయిని కోసిన రోజు ఆమెకు గుర్తుంది. వంటింటి మిషన్‌ను మోసుకొచ్చి, బల్ల మీద బోర్లించి, చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు. రాతిపనివాడు ఆ గీత మీదే కోశాడు. ఆ తర్వాత అన్నయ్య మిషన్ కొలతలు మార్చాలనుకున్నాడు. కానీ మార్చినది ఏదైనా పిన్ని కొట్లోనే పరీక్షించాలి. రాయి మళ్ళీ కొయ్యలేరు కదా. అందుకని ప్రతిసారీ గొట్టాన్ని ఆ కన్నానికి సరిపోయేట్టే చేశాడు. నీళ్ళు మరీ తొందరగా దిగుతున్నాయని పిన్ని చెప్పింది, మార్చాడు. బిళ్ళ విరిగిపోయి లేస్తోందని చెప్పింది, మార్చాడు. ఒకసారి మిషన్ పొంగి పిన్ని ముంజేయి కాలింది. మర్నాడు గుడ్డ చుట్టుకుని కొట్టు తీసి, ఇంకోసారి చూద్దాం రమ్మంది.

ఈ మిషన్ నీదే పిన్నీ అని అన్నయ్య అన్నది కూడా ఈ బల్ల దగ్గరే. నోటిమాట. కాగితం రాసుకోవాలని ఎవరికీ తోచలేదు.

"వాళ్ళు దాన్ని ఉంచేసుకుంటారట పిన్నీ," అంది చిట్టి.

పిన్ని గరిటె తిప్పుతూనే ఉంది. కాసేపటికి పొయ్యి ఆపింది.

"ఎవరు వాళ్ళు?"

"కంపెనీ వాళ్ళు. కొత్తదీ ఇవ్వకూడదట."

"మీ అన్నయ్య ఏమన్నాడు?"

"తర్వాత వచ్చి మాట్లాడతానన్నాడు."

"ఆహా," అంది పిన్ని. పళ్ళేన్ని చిట్టి చేతిలోంచి తీసుకుని మళ్ళీ కన్నం మీద పెట్టింది. "తర్వాత వస్తాడా. రానీ."

"నేను తెచ్చిస్తాను. నేనే కదా తీసుకెళ్ళింది."

"నువ్వేం తెస్తావే, పిచ్చిదానా," అంది పిన్ని. కసిరినట్టు కాదు, పిల్లకి జ్వరం చూస్తున్నట్టు అంది.

*

మర్నాడు కంపెనీ వాళ్ళు వచ్చారు. ముందు నడిచేవాడికి వదిన అప్పటికే నవ్వులాయన అని పేరు పెట్టింది. అతను మంచి మాట చెప్పినా నవ్వుతాడు, చెడ్డ మాట చెప్పినా నవ్వుతాడు. పళ్ళ డాక్టరు బోర్డు మీద బొమ్మలా ఉంటాడని అంది. వెంట ఒక ఇంజనీరు, ఒక లాయరమ్మ.

వర్క్‌షాపు బల్లను తుడిచి, కుర్చీలు వేశారు. అన్నయ్య సంస్థలో సగం వదిన పేరు మీద ఉంది. అందుకని వదిన్ని కూడా పిలిచి కూర్చోబెట్టారు. లాయరమ్మ కాగితాలు తిప్పుతూ సంతకాలు ఎక్కడెక్కడ పెట్టాలో వేలితో చూపిస్తోంది. అన్నయ్య గబగబా పెట్టేస్తున్నాడు. వదిన ఒక కాగితం దగ్గర ఆగింది.

"ఇందులో ఏం రాశారండీ?"

"మామూలు షరతులే మేడమ్," అని నవ్వాడు నవ్వులాయన.

"అది కాదండీ, ఏమిటని..."

"పెట్టవోయ్," అన్నాడు అన్నయ్య. "పెట్టేసి కాస్త కాఫీ పట్రా. వాళ్ళకి టైమవుతోంది."

వదిన మొగుడి మొహం చూసింది. సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టి బల్ల మీద తిన్నగా ఉంచి పైకి వెళ్ళింది.

ఇంజనీరు మిషన్ల దగ్గర వంగి కొలతలు తీసుకుంటున్నాడు. కుర్రవాడు, పని మీద ఇష్టం ఉన్నవాడిలా ఉన్నాడు. గొట్టం అడ్డంగా కొలిచి, మళ్ళీ కొలిచాడు.

"సార్, ఈ వెడల్పు ఎలా తేల్చారు? ఏ లెక్కకీ దగ్గరగా లేదు. కానీ అన్నిటికీ ఇదే ఉంది."

చిట్టి స్పానరు తుడుస్తున్నదల్లా ఆగింది. అన్నయ్య ఆమె వైపు చూడలేదు.

"చాలా ప్రయోగాలు చేసి తేల్చామండీ," అన్నాడు. "ఏళ్ళ తరబడి."

"అద్భుతం," అని ఇంజనీరు రాసుకున్నాడు. "ఇంక మా షాపులన్నిట్లో బల్లలకి ఇదే కొలత."

చిట్టి స్పానరు పట్టుకునే ముందుకు వచ్చింది. "అది మార్కెట్ వీధిలో పిన్ని కొట్లో రాయి కొలత," అంది.

అందరూ తిరిగి చూశారు. వర్క్‌షాపులో ఆమె గొంతు అంత గట్టిగా వినపడటం అరుదు. "ఆ చివరి మిషన్ ఆవిడది. రెండు రోజులకని తెచ్చాం. దాన్ని ఇచ్చేయండి. లేకపోతే ఇందులో కొత్తది ఒకటి ఇవ్వండి. మీకు ఇన్ని ఉన్నాయి కదా."

లాయరమ్మ అన్నయ్యను చూసింది. "కాగితం ప్రకారం అది మీ సంస్థదే కదా?"

"మాదే," అన్నాడు అన్నయ్య. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. "మాదేనండీ. పరీక్ష కోసం అక్కడ పెట్టాం."

నవ్వులాయన చిట్టి వైపు నాలుగడుగులు వేశాడు. "మీ బాధ నాకర్థమైందమ్మా. ఆవిణ్ణి మేం మర్చిపోం." కోటు జేబులోంచి ఒక కార్డు తీశాడు. దళసరి ప్లాస్టిక్ కార్డు, అంచున బంగారు గీత. "ఇది ఆవిడకివ్వండి. మా షాపుల్లో ఎక్కడైనా సరే, ఏడాదంతా ఆవిడకి కాఫీ ఉచితం."

చిట్టి తీసుకోలేదు. అతను నవ్వుతూనే కార్డును ఆమె ఏప్రన్ జేబులో జారవిడిచి, బుజం తట్టబోయి ఆగాడు. ఏమి చూసి ఆగాడో ఆమెకు తెలియదు. ఆమె చేతిలో స్పానరు ఉంది.

అప్పుడే వదిన ట్రేతో మెట్లు దిగింది. నవ్వులాయన ఒక గుక్క తాగి కనుబొమలెత్తాడు. "ఇది ఏ మిషన్లోది?"

"మేడమీద ఒక పాతది ఉందిలెండి," అన్నాడు అన్నయ్య. "మొట్టమొదట చేసింది. చేత్తో నొక్కేది. ఇప్పుడు దేనికీ పనికిరాదు."

"మొట్టమొదటిదా?" నవ్వులాయన కప్పు దించాడు. "అది తప్పకుండా కావాలి సార్. మా హెడ్డాఫీసులో అద్దాల పెట్టెలో పెడదాం. పక్కన మీ ఫొటో. రేపు పొద్దున లారీ వస్తుంది, దాన్నీ ఊడదీసి ఉంచండి."

"తప్పకుండా," అన్నాడు అన్నయ్య. అతని మొహం వెలిగింది. ఏళ్ళ తరబడి ఆ మొహంలో చిట్టి చూడని వెలుగు అది. అసూయ లేదు ఆమెకు. అది ఎవరిని తొక్కి వెలిగిందో చూసి ఒళ్ళు మండింది, అంతే.

"మరి ఇంట్లో కాఫీ?" అంది వదిన, ట్రే పట్టుకునే.

"మేడమ్‌కి మా కొత్త మోడల్ పంపిస్తాం," నవ్వాడు నవ్వులాయన. అన్నయ్యా నవ్వాడు. వదిన ఖాళీ కప్పులు తీసుకుని మెట్లెక్కింది.

*

కార్డును పారేద్దామనే బయల్దేరింది చిట్టి. దారిలో చెత్తడబ్బా కనపడింది కూడా. పారేస్తే పిన్నికి తెలియకుండా పోతుంది. తెలియాలి. వాళ్ళు ఆవిడకు కట్టిన ఖరీదు ఆవిడే చూడాలి.

పిన్ని కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. కొట్లో ఎవరూ లేరు. కెటిల్ మూత మీద నీటి చుక్కలు చల్లబడి నిలిచాయి.

"కాఫీ అమ్ముకునే దానికి, కాఫీ ఊరికే పోస్తారా?"

"అవును పిన్నీ."

"ఏడాది పాటా?"

"అవును."

"ఆ తర్వాత చచ్చిపోతానని లెక్క కట్టారేమో." పిన్ని కార్డు అంచును బొటనవేలితో తడిమింది. వంచి చూసింది. వంగి మళ్ళీ నిటారుగా అయింది. "గట్టిదే చేశారు. రబ్బరు పలక కన్నా నయంగా ఉంది. బిళ్ళ గీకడానికి బాగుండేది, మిషన్ లేదు గానీ."

చిట్టి నవ్వలేకపోయింది. పిన్ని కూడా నవ్వలేదు. కార్డును పళ్ళెం పక్కన పెట్టి, చెయ్యి ఆ పళ్ళెం మీదే ఉంచింది. ముంజేతి మీద కాలిన మచ్చ లేతగా మెరిసింది.

"ఆ కొలత మీ అన్నయ్య చెప్పాడా వాళ్ళకి, ఎక్కణ్ణించి వచ్చిందో?"

చిట్టి తల దించుకుంది.

"పోనీలే," అంది పిన్ని. అంటూనే పళ్ళేన్ని తీసి విసురుగా బల్ల చివరికి తోసింది. అది జారుకుంటూ వెళ్ళి కింద పడి, చాలాసేపు గిరగిరా తిరిగి ఆగింది. "పోనీలే అంటున్నాను కానీ, పోదే చిట్టీ. నాకు పోవట్లేదు. ఇల్లు కట్టుకునేవాడికి వాసం అందిస్తూ నిచ్చెన కింద నిలబడ్డాను. పైకెక్కి నిచ్చెన లాక్కున్నాడు. ఇంకో రెండు వారాలు చూస్తాను. జనం రాకపోతే తలుపులు మూసేస్తాను. ఈ వయసులో ఎవరి గిన్నెలు తోమడానికి వెళ్ళను నేను?"

చిట్టి వంగి పళ్ళెం తీసింది. ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడింది.

*

ఇంటికి వచ్చేసరికి అన్నయ్య చెక్కపెట్టెలకు మేకులు కొడుతున్నాడు. చిట్టి తిన్నగా పిన్ని మిషన్ దగ్గరకు వెళ్ళి నీలం టేపు కొస పట్టుకుని లాగింది.

"చిట్టీ!"

ఆమె ఇంకా లాగింది. అన్నయ్య సుత్తి పారేసి వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.

"నీకేమైనా మతిపోయిందా? సీలు తెగితే మొత్తం ఆగిపోతుంది. మొత్తం. అర్థమవుతోందా?"

"ఆగిపోనీ."

"ఆగిపోనీనా? నా వయసులో అందరూ ఎక్కడున్నారో చూశావా? నేను ఈ గదిలో ఇనప రజను పీలుస్తూ కూర్చున్నాను. నా మిషన్ని ఒక్కడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఒకడొచ్చి, బాగుందయ్యా, నీ పేరు పెడతానన్నాడు. ఒక కొట్టు కోసం ఇదంతా వదులుకోమంటావా?"

"ఒక్కడు కూడా పట్టించుకోలేదా?" అంది చిట్టి. "చెయ్యి కాల్చుకుని మర్నాడు రమ్మన్నదెవరు?"

అన్నయ్య ఆమె చెయ్యి వదిలేశాడు. తర్వాత ఊడిన టేపు కొసను జాగ్రత్తగా, ముడతలు లేకుండా మళ్ళీ అంటించాడు.

"నాకేం సరదానా?" అన్నాడు మెల్లగా. "రేపు పొద్దున పైదాన్ని కూడా నువ్వే ఊడదియ్యి. బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి, కాస్త నూనె వెయ్యి."

చిట్టి పైకి వచ్చింది. కోపంతో కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో తెలియలేదు. వంటింట్లో వదిన మిషన్‌ను కడుగుతోంది. గొట్టం లోపల వేలికి గుడ్డ చుట్టి తుడిచింది. చేతిపిడి కీలులో పేరుకున్న మరకను పుల్లతో గీకింది. సాయంత్రం పూట ఆమె ఎప్పుడూ ఆ పని చెయ్యదు.

"తళతళలాడించు," అంది చిట్టి. "అద్దాల పెట్టెలో పెడతారుగా. నువ్వూ వెళ్ళి చూసుకోవచ్చు, టిక్కెట్టు కొనుక్కుని."

ఇంకో రోజయితే వదిన ఒకటికి పది తిప్పికొట్టేది. ఇవాళ గుడ్డ పిండి ఆరేసి, బోల్టుల చుట్టూ ఒక్కో చుక్క నూనె వేసింది.

"ఆవిడ ఆ కన్నం మీద ఏం పెట్టుకుంది?" అంది, వెనక్కి తిరక్కుండానే.

"పళ్ళెం. ఇవాళ అదీ తీసేసింది."

వదిన నూనె డబ్బా మూత బిగించింది. "నేను కడుపుతో ఉన్నప్పుడు ఏమీ ఇమిడేది కాదు. ఆవిడ కాఫీ ఒక్కటి ఇమిడేది. కప్పులో సగమే పోసి, ఇది నిలబడితే మిగతా సగం అనేది," అంది. "తర్వాత ఆ బిడ్డ నిలవలేదనుకో." అంతే అంది. ఆ విషయం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. వదిన ఎత్తి, మళ్ళీ తనే దించేసి, పొయ్యి గట్టు తుడవడానికి వెళ్ళిపోయింది.

*

పొద్దున లారీ వెనక్కి వచ్చి గేటుకు ఆనుకుని ఆగింది. కూలీలు ముందు పిన్ని మిషన్ పెట్టెనే ఎత్తారు. ఒక పక్కకు వాలితే, జాగ్రత్త, జాగ్రత్త అని అన్నయ్య రెండు చేతులూ అడ్డం పెట్టాడు. పసిపిల్లను ఎత్తుతున్నట్టు. నవ్వులాయన గేటు దగ్గర నిలబడి ఒక్కో పెట్టె మీదా కాగితం అంటిస్తున్నాడు. చిట్టి మెట్ల దగ్గర గోడకు ఆనుకుని చూస్తోంది. ఏప్రన్ జేబులో కొత్త రబ్బరు రింగుల పొట్లం ఉంది. పిన్ని మిషన్‌కు మార్చాలని కొలత చూసి కోసి ఉంచినవి. ఇప్పుడు వాటితో ఏం చెయ్యాలో తెలియడం లేదు.

"చిట్టీ, పైదాని సంగతి చూడు," అన్నాడు అన్నయ్య. "ఇంక అదొక్కటే మిగిలింది."

స్పానరు పట్టుకుని ఆమె పైకి వెళ్ళింది. ఊడదియ్యనని చెప్పేస్తే ఏమవుతుందని అడుగడుగుకీ అనుకుంది. ఏమీ కాదు. కూలీ వచ్చి ఊడదీస్తాడు.

వంటింటి గట్టు ఖాళీగా ఉంది. మిషన్ ఉన్న చోట రంగు తేలిన గుండ్రటి మచ్చ. పక్కన సాసరులో బోల్టులు, నూనెలో తడిసి. ఇంకో స్పానరు కూడా అక్కడే ఉంది, ఇంట్లో తలుపు గొళ్ళేలు బిగించే పాతది.

వదిన నడవాలో చెప్పులు వేసుకుంటోంది. స్నానపు తువ్వాల్లో చుట్టినదేదో చంకలో పట్టుకుని ఉంది. బరువుకు నడుము ఒక పక్కకు ఒరిగింది. తువ్వాలు మడతలోంచి చేతిపిడి కొస, రబ్బరు పలక కొస బయటికి కనిపిస్తున్నాయి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చిట్టి నోరు తెరిచింది. వదిన కళ్ళతోనే వద్దంది.

చిట్టి జేబులోంచి పొట్లం తీసి తువ్వాలు మడతలో దోపింది. బయటికి పొడుచుకొచ్చిన పిడిని లోపలికి నెట్టి, మడత సర్దింది.

వదిన మెట్లు దిగింది. వర్క్‌షాపులోంచి, లేతు మిషన్ పక్కనుంచి, ఖాళీ అయిన నేల మీదుగా నడిచింది. చిట్టి వెనక మెట్ల మీదే ఆగిపోయింది.

"ఎక్కడికి?" అన్నాడు అన్నయ్య, ఆఖరి పెట్టె తాళ్ళు లాగి చూస్తూ. "సార్ వాళ్ళకి కాఫీ పెట్టి వెళ్ళు."

వదిన ఆగలేదు. నవ్వులాయన నవ్వి, దారి ఇస్తూ పక్కకు జరిగాడు. ఆమె చంకలో తువ్వాలు వైపు కూడా చూశాడు. ఆడమనిషి మోసుకుపోతున్న మూటను చూసినట్టే చూసి, చేతిలో కాగితాల్లోకి తల దించుకున్నాడు.

అన్నయ్య చూశాడు. ఈసారి సరిగ్గా చూశాడు. తువ్వాలు కింద ఆ గుండ్రటి ఆకారం అతనికి తెలియనిది కాదు. చేతిలో తాడు వదులైంది. ఒక్క కేక వేస్తే చాలు. అతని నోరు తెరుచుకుని, అట్లాగే ఉండిపోయింది.

వదిన మోచేత్తో గేటు రెక్కను నెట్టింది. చంకలోని బరువును ఒకసారి ఎగదోసుకుని సర్దుకుంది. లారీ పక్కనుంచి బయటికి నడిచి, ఎవరి వైపూ చూడకుండా మార్కెట్ వీధి వైపు మళ్ళింది.